పెట్టుబడి చీరల రిజర్వు బ్యాంకు

మా పడకగదిలో గోడ పొడవునా వార్డ్‌రోబ్ కట్టించాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గిన రోజున సభలో నేను లేను. మరుసటి ఆదివారం ఇంటీరియర్ డిజైనర్ టేపు పట్టుకొని వచ్చి, వెడల్పు 8 అడుగులు, ఎత్తు 7 అడుగులు, పైన అటక మరో 2 అడుగులు అని చదువుతుంటే, ఆనకట్టకు శంకుస్థాపన జరుగుతున్నట్లు అందరూ మౌనంగా నిలబడ్డారు.

ఈ వృత్తిలో రేటు ముఖానికే గాని లోతుకు కాదు. ముందు కనిపించే చదరపు అడుగులను లెక్కగట్టి, లోపలి 2 అడుగుల లోతును ఉచితంగా ఇస్తారు. అయితే ఆ ఉచితం గోడ పొడవునా నేల మీద 16 చదరపు అడుగులను మింగుతుంది. చదరపు అడుగు 7,000 చొప్పున ఫ్లాటు కొన్నవాణ్ని గనుక, ఆ నేల కోసం 1,12,000 రూపాయలు ముందే సమర్పించుకున్నట్లు ఆ రాత్రి లెక్క తేలింది. ప్లైవుడ్ మామూలు వాడకానికి తగిన భారతీయ ప్రమాణం (ఐ.ఎస్.) 303 సరిపోతుందా, నీటికి తట్టుకునే ఐ.ఎస్. 710 వేయమంటారా అని ఆ అబ్బాయి అడిగినప్పుడు, మూడో అంతస్తులోని మా పడకగదికి వరద ముప్పు లేదని విన్నవించుకున్నాను. 710కే ఓటు పడింది.

ఇంత పటిష్ఠమైన కట్టడంలో నాకు కేటాయించినది ఒక అర. తక్కినదంతా పెట్టుబడి శాఖది. వ్యాపారంలో దించే మూలధనాన్నీ, బొట్టు పెట్టి ముత్తయిదువ చేతికిచ్చే చీరనూ ఒకే మాటతో పిలిచిన మన భాష ముందుచూపును ఆర్థికవేత్తలు ఇంకా గుర్తించలేదు. ఇక జాకెట్టు ముక్క శుద్ధమైన కరెన్సీ. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. కుట్టించుకున్న మరుక్షణం అది చలామణి నుంచి తప్పుకుంటుంది. ఆషాఢం డిస్కౌంట్లలో నిల్వలు పెంచుకొని శ్రావణంలో నోముల పేరిట విడుదల చేయడమే ద్రవ్య విధానం. ప్రతి చీర మడతలోనూ ఎవరు, ఏ శుభకార్యానికి పెట్టారో రాసిన చీటీ ఉంటుంది; పెట్టినవారికే తిరిగి పెట్టే ప్రమాదాన్ని నివారించే ఏకైక నియంత్రణ వ్యవస్థ అదే. రిజర్వు బ్యాంకు 1935లో మొదలై ఇన్ని భవనాలు కట్టుకున్నది గాని, మా అమ్మమ్మ ఈ వ్యవహారమంతా ఒక ట్రంకు పెట్టెతో, గుప్పెడు కలరా ఉండలతో నడిపింది. (ఆ పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది. అందులోనూ జాకెట్టు ముక్కలే.)

పని పూర్తయిన వారానికి మా వదినగారు చూడటానికి వచ్చారు. తలుపులు చప్పుడు లేకుండా మూసుకోవడాన్ని నాలుగుసార్లు పరీక్షించి, మా ఆవిడకు బొట్టు పెట్టి చీర ఇచ్చారు. ఆవిడ వెళ్లాక మడత విప్పితే లోపల చీటీ కనిపించింది: "రాజమండ్రి పిన్ని, ఉపనయనం, 2019." చేతిరాత మా ఆవిడది. నేను నవ్వబోయాను. ఆమె మాత్రం ఏ తొట్రుపాటూ లేకుండా కలం తీసి, పాస్‌బుక్కులో జమ రాసినట్లు, అదే చీటీ కింద "వదిన, వార్డ్‌రోబ్" అని రాసి తారీఖు వేసింది.

అరలన్నీ నిండి ఉండటంతో ఆ చీర కోసం నా అరను స్వాధీనం చేసుకున్నారు. 2013 నాటి భూసేకరణ చట్టాన్ని ఉటంకించి పునరావాసం కోరగా, తలుపు వెనక ఉన్న కొక్కేన్ని చూపించారు.