శ్రమదానం గోడకు కాదు, ఇటుకకు కావాలి

పేదల ఇంటికి శ్రమదానం అనగానే ఆదివారం పూట యువకులు తాపీ పట్టుకొని గోడ కట్టడమే కళ్ల ముందు మెదులుతుంది. ఖర్చు తగ్గేది అక్కడ కాదు. గోడ కట్టడం చేయి తిరిగిన మేస్త్రీ పని. వరస వంకరపోతే విప్పి మళ్లీ కట్టాలి, సిమెంటూ కూలీ రెండూ దండగ. నేర్పు కన్నా మనుషులు ఎక్కువ కావలసిన పనులు వేరే ఉన్నాయి.

మొదటిది బేస్‌మెంట్. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల్లో తొలి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది. అందాకా పెట్టుబడి అప్పే. పునాది తవ్వడం, మొరం పోసి దిమ్మిసతో కొట్టడం వాడవాళ్లు పంచుకుంటే ఆ అప్పు తగ్గుతుంది.

రెండోది, అసలైనది, మట్టి ఇటుక. సిమెంటు కలిపి యంత్రంతో నొక్కే ఈ ఇటుకను బట్టీలో కాల్చే పని లేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 1974లో మొదలైన ఆస్ట్రా కార్యక్రమం దీనిపై ఎంతో పని చేసింది. 400 చదరపు అడుగుల ఇంటికి తలుపులు, కిటికీలు పోను దాదాపు 950 చదరపు అడుగుల గోడ వస్తుంది. 23 సెంటీమీటర్ల పొడవు, 19 వెడల్పు, 10 ఎత్తున్న ఇటుకలైతే విరిగేవాటితో కలిపి 3,500 చాలు. బరువులో నూటికి 7 పాళ్ల లెక్కన 40 బస్తాల సిమెంటు పడుతుంది. చేత్తో నొక్కే యంత్రం మీద ఎనిమిది మంది రోజుకు 300 తీసినా పన్నెండు రోజుల పని.

చెడేది ఎక్కువగా మట్టి దగ్గరే. రేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే బిగుసుకుని పగుళ్లిస్తుంది, పనికిరాదు. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి కావాలి. గాజు సీసాలో మూడో వంతు మట్టి పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టండి. నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక, మర్నాటికి పైన పేరుకునేది బంకమన్ను. ఇసుక మూడింట రెండు వంతులు లేకపోతే బయటి నుంచి కలపాల్సిందే. తడి సంగతి చేతికే తెలుస్తుంది: కలిపిన మట్టిని ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు పెళ్లలవ్వాలి. పొడైపోతే నీళ్లు చాలలేదు, పచ్చడిలా అతుక్కుంటే ఎక్కువయ్యాయి.

జనం ఎక్కువున్నారని పెద్ద కుప్ప కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు. టీ తాగి వచ్చేసరికి సిమెంటు పట్టు మొదలవుతుంది, ఆ కుప్పలోంచి తీసిన ఇటుక అంచులు వేలితో గీస్తే రాలిపోతాయి. అరగంటలో నొక్కేయగలిగినంతే కలపాలి.

ఆదివారపు ఉత్సాహం ఓడిపోయేది తడపడం దగ్గర. ఇటుకలను నీడన పేర్చి, గోనెసంచులు కప్పి, కనీసం మూడు వారాలు, వీలైతే 28 రోజులు తడి ఆరకుండా చూడాలి. మొదటి వారంలోనే ఎండిపోయిన ఇటుకకు ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పూర్తి బలం రాదు. పట్నం నుంచి వచ్చిపోయే వాలంటీర్లతో ఇది అయ్యే పని కాదు. ఊళ్లో నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పోయినట్టే ఇళ్లు మంజూరైన కుటుంబాలు వంతులు వేసుకోవాలి. ప్రతి వరస మీద తేదీ రాస్తే ఏది పక్వానికొచ్చిందో ఎవరికీ అనుమానం ఉండదు. గోడకెక్కించే ముందు రెండు ఇటుకలు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున అంచును మేకుతో గీసి చూడండి. మెత్తబడితే ఆ దొంతర పక్కన పెట్టాలి.

స్లాబు విషయంలో మాత్రం ఇనుము, మందం ఇంజనీరు చెప్పినట్టే ఉండాలి. గోడకు వాన కొట్టకుండా రెండడుగుల చూరు వదలడం మరవద్దు.

ఇక కాలం. యాసంగి నాట్లు అయ్యాక, ఫిబ్రవరిలో మొదలుపెడితే ఒక్క యంత్రంతో పది ఇళ్లకు 120 రోజులు పడుతుంది. చివరి ఇంటి ఇటుకలు తడిపి పక్వానికి తెచ్చేసరికి మృగశిర దాటి వాన పట్టుకుంటుంది. రెండు యంత్రాలుంటే ఏప్రిల్ మొదట్లో నొక్కడం అయిపోతుంది, మే మొదటి వారానికి ఆఖరి దొంతర కూడా మేస్త్రీ చేతికి వస్తుంది.