దువాలియేలు పోయారు, వాళ్ళు పెంచిన తుపాకీ పోలేదు

కరీబియన్ దేశం హైతీలో ముఠాల వార్త వచ్చినప్పుడల్లా "ఆ దేశమే అంత" అని తేల్చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ దేశం దానంతటదే అలా కాలేదు. 1957 నుంచి 1986 దాకా ఒక తండ్రీ కొడుకూ దాన్ని సొంత ఆస్తిలా ఏలారు.

తండ్రి ఫ్రాన్స్వా దువాలియే డాక్టర్. పల్లెల్లో వైద్యం చేసి పేరు తెచ్చుకుని, ఎన్నికల్లో గెలిచాడు. సైన్యం మీద నమ్మకం లేక తొంతోన్ మకూత్ అనే సొంత దండును పెంచాడు. వాళ్ళలో చాలామందికి జీతాల్లేవు. చేతికి తుపాకీ ఇచ్చి, జనం మీద పడి బతకమన్నాడు. అసలు విషం ఇక్కడే ఉంది. బలవంతం చేసే అధికారం చట్టం చేతుల్లోంచి జారి, నాయకుడికి నచ్చిన మనుషుల చేతుల్లోకి పోయింది. ఆ పాలనలో ప్రాణాలు కోల్పోయినవాళ్ళు 30 వేల నుంచి 60 వేల మంది ఉంటారని అంచనా. ప్రాణభయంతో డాక్టర్లు, టీచర్లు మాంట్రియల్‌కో న్యూయార్క్‌కో వెళ్ళిపోయారు. ఆ చదువుకున్న తరం లేని లోటు ఇప్పటికీ తీరలేదు.

1971లో తండ్రి పోతే 19 ఏళ్ళ కొడుకు జాన్ క్లోద్‌ను గద్దెనెక్కించారు. కమ్యూనిజానికి అడ్డుగా ఉంటారని అమెరికా ఈ కుటుంబాన్ని చాలాకాలం భరించింది. చివరికి 1986 ఫిబ్రవరి 7న జాన్ క్లోద్ పారిపోయింది కూడా అమెరికా విమానంలోనే.

మకూత్‌ల తుపాకులు మాత్రం జనం మధ్యే ఉండిపోయాయి. 1987 నవంబర్‌లో ఓటు వేయడానికి వచ్చినవాళ్ళను రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌లో పోలింగ్ కేంద్రం దగ్గరే చంపేశారు. తర్వాత వచ్చిన నాయకులు కూడా బస్తీల్లో ఆయుధాలున్న కుర్రాళ్ళను చేరదీశారు. ఈరోజు రాజధానిలో ఎక్కువ భాగం ముఠాల చేతుల్లో ఉందంటే ఆ అలవాటే ముదిరింది. హైతీ స్వాతంత్ర్యాన్ని గుర్తించడానికి 1825లో ఫ్రాన్స్ మోపిన పరిహారం భారమూ, 1915 నుంచి అమెరికా సైనిక ఆక్రమణా ఆ దేశాన్ని ముందే కుంగదీశాయి, కాదనను. అయినా దువాలియేల పాపం వేరే లెక్క.

ఇప్పుడు కొందరు హైతీవాసులే "ఆ రోజుల్లో రాత్రిపూట కూడా ధైర్యంగా తిరిగేవాళ్ళం" అంటున్నారు. ఇవాళ గడప దాటాలంటే భయపడేవాళ్ళ నోట ఆ మాట వస్తే తప్పుపట్టలేను. కానీ ఆ భద్రత నోరు మూసుకున్నవాళ్ళకే కదా? ఫోర్ దిమాంష్ జైలుకెళ్ళి తిరిగి రానివాళ్ళ ఇళ్ళలో అడిగితే ఆ మాట వస్తుందా?

2011లో జాన్ క్లోద్ దర్జాగా తిరిగొచ్చాడు. మానవత్వంపై నేరాలకు విచారించవచ్చని 2014 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు చెప్పింది. అక్టోబర్‌లో ఆయన గుండెపోటుతో చనిపోయాడు. విచారణ పూర్తికానే లేదు. ఆయన పోయినా ఆయన మనుషుల మీద దర్యాప్తు ఆగకూడదు. బతికున్న బాధితుల వాంగ్మూలాలు కోర్టు రికార్డులకు ఎక్కాలి, అదీ వాళ్ళు కన్నుమూసేలోపే.