రెండు గంటల గడువు, వెయ్యి చావులు

2025 సెప్టెంబర్ 4, మన టైమ్ ప్రకారం రాత్రి ఏడున్నర. ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ అనే వీడియోగేమ్ అమ్మకానికి వచ్చిన నిమిషాల్లోనే, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ మొరాయించింది. ప్లేస్టేషన్, నింటెండో, ఎక్స్‌బాక్స్ స్టోర్లదీ అదే పరిస్థితి. తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నట్టు జనం పేజీని రిఫ్రెష్ చేస్తూనే ఉన్నారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గుప్పెడు మంది కలిసి చేసిన ఆట అది. ధర 20 డాలర్లు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు కాబట్టి ఎదురుచూపే ఆరేళ్లు దాటింది. విడుదలైన రోజే ఒక్క స్టీమ్‌లోనే ఒకేసారి 5 లక్షల మందికి పైగా ఆడారు.

ఇంతమందీ ఎగబడింది దేనికయ్యా అంటే, ఆటలోని పురుగుల చేతిలో తన్నులు తినడానికి. వారం తిరక్కుండానే ‘మరీ ఇంత కష్టమా’ అని గోల మొదలైంది. ఆట చేసిన టీమ్ చెర్రీ వాళ్లు మొదట్లో వచ్చే ఇద్దరు బాస్‌లని, అంటే దారికి అడ్డు నిలిచే పెద్ద శత్రువుల్ని, కాస్త మెత్తబరిచారు. అంతే, ‘ఎందుకు మెత్తబరిచారు’ అని ఇంకో గోల.

మా బామ్మర్దికి ఇదంతా వింత. “డబ్బులిచ్చి మరీ తన్నించుకోవడం ఏంటి బావా?” అంటాడు. వాడు ఆడేవన్నీ ఫోన్లో ఉచితంగా వచ్చే షూటింగ్ ఆటలు. వాడి ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పలేకే ఈ వ్యాసం.

ఆ జవాబు వెతకాల్సింది ఆటల్లోనే కాదు, వాటిని అమ్మే స్టోర్లలో కూడా. గేమ్ స్టోర్లని పోల్చమంటే అందరూ డిస్కౌంట్లు, ఉచిత ఆటలు, కమీషన్ల దగ్గర ఆగిపోతారు. కమీషన్ సంగతి చిన్నదేం కాదు. స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది. ఒక ఆట రాబడి కోటి డాలర్లు దాటితే 25, ఐదు కోట్లు దాటితే 20. అంటే బాగా సంపాదించినవాడికే రాయితీ, చిన్నవాడికి పూర్తి వాత. దాని పోటీ స్టోర్ ఎపిక్ 2018 డిసెంబర్‌లో 12 శాతంతో మొదలై, 2025 జూన్ నుంచి ఏడాదికి ఒక్కో ఆటపై మొదటి 10 లక్షల డాలర్లకి అసలేమీ తీసుకోవడం లేదు. చిన్న చిన్న ఆటలు అమ్మే ఇచ్ ఐఓ సైట్‌లో అయితే ఎంత ఇవ్వాలో అమ్మేవాడే నిర్ణయించుకుంటాడు. ఇదంతా ఆట తయారుచేసినవాడి లెక్క. కష్టమైన ఆట ఆడేవాడు అడగాల్సింది వేరే ఉంది: నేను ఓడిపోయినప్పుడు ఈ స్టోర్ ఏం చేస్తుంది?

ఆటలోని కష్టానికీ, అమ్మే పద్ధతికీ సంబంధం కొత్తది కాదు. ఆర్కేడ్ మెషీన్లలో ఆటలు అంత కఠినంగా ఉండేది తర్వాతి నాణెం కోసమే. మన ఊళ్లలో టీవీకి తగిలించే వీడియోగేమ్ డబ్బాని గంటల లెక్కన అద్దెకిచ్చే షాపులుండేవి గుర్తుందా? కాంట్రాలో మూడు ప్రాణాలు. అవి పోతే మళ్లీ మొదటికి. షాపులో గోడ గడియారాన్ని ఒక కంటా, తెరని ఇంకో కంటా చూస్తూ ఆడేవాళ్లం. ఆ టెన్షన్ సగం ఆటది, సగం జేబులో చిల్లరది.

ఇప్పుడా గోడ గడియారం స్టీమ్‌లో వేరే రూపంలో ఉంది. 2015 జూన్ నుంచి అక్కడ రిఫండ్ నియమం ఇదీ: కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే కారణం ఏదైనా సరే డబ్బు వెనక్కి. కొనేవాడికి ఇది మంచి నియమమే, నేనూ వాడుకున్నాను. కానీ కష్టమైన ఆటకి ఆ రెండు గంటలే గండం. మొదటి హాలో నైట్‌నే తీసుకోండి. రెండు గంటలయ్యేసరికి చాలామంది ఇంకా దారి తెలియక బూడిదరంగు గుహల్లో తిరుగుతుంటారు. గోడలెక్కే శక్తి కూడా చేతికొచ్చి ఉండకపోవచ్చు. ఆట అసలు రుచి తెలిసేది ఆ తర్వాతే. ‘ఇది నావల్ల కాదు’ అనిపించే ఘడియా, వెనక్కి ఇచ్చేసే అవకాశం తీరిపోయే ఘడియా దాదాపు ఒక్కటే. ఇంకో తమాషా కూడా ఉంది. ‘గెటింగ్ ఓవర్ ఇట్’ అనే కొండెక్కే ఆటని చెయ్యి తిరిగినవాళ్లు రెండు నిమిషాల్లోపే ముగిస్తారు. ఆ లెక్కన పూర్తి చేసి మరీ డబ్బు వెనక్కి అడగొచ్చు. మామూలు మనిషికి మాత్రం అదే ఆట రోజులకి రోజులు పడుతుంది.

అయినా ఓడినవాణ్ణి ఎక్కువగా నిలబెట్టేది కూడా స్టీమే అని నా అభిప్రాయం. అక్కడ ప్రతి రివ్యూ పక్కనా రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో ఉంటుంది. 300 గంటలు ఆడి ‘దీని జోలికి పోకండి’ అని రాసినవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, ధైర్యమూ వస్తుంది. ఫలానా బాస్‌ని ఎంత శాతం మంది దాటారో అచీవ్‌మెంట్ల పేజీ చెప్పేస్తుంది. అందరూ గెలిచారు, నేనొక్కణ్ణే చేతకానివాణ్ణి అనే భ్రమ అక్కడ విడిపోతుంది. ఏ ముళ్ల గోడ దగ్గర ఎలా దూకాలో గైడ్ల విభాగంలో ఎవరో ఓపిగ్గా బొమ్మలేసి మరీ రాసి పెడతారు. 2024 ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా ఆటలు వచ్చి పడిన చోట, ఒక ఇండీ ఆట (పెద్ద కంపెనీల అండ లేకుండా కొద్దిమంది సొంతంగా చేసుకున్నది) చుట్టూ ఇలాంటి చిన్న ఊరు తయారవడం మాటలు కాదు.

ఎపిక్ దారి వేరు. వారం వారం ఆటలు ఊరికే ఇస్తుంది. 2018లో రెండో ఉచిత ఆటగా వచ్చింది ‘సూపర్ మీట్ బాయ్’, రంపాల మధ్య మాంసం ముద్ద పరుగెత్తే ఆట, కఠినమైన ఇండీ ఆటల్లో పాతకాపు. దాన్ని పంచడానికి ఎపిక్ 50 వేల డాలర్లు చెల్లించిందని 2021లో యాపిల్‌తో నడిచిన కేసులో బయటపడిన కాగితాలు చెప్పాయి. దానికి ముందు ఇచ్చిన ‘సబ్‌నాటికా’కి 14 లక్షలు. మొదటి తొమ్మిది నెలల్లో మొత్తం కోటీ 16 లక్షల డాలర్లు పెడితే 50 లక్షల మంది కొత్తవాళ్లు చేరారు. తలకి రెండు డాలర్ల పైచిలుకు పడింది. వ్యాపారంగా చూస్తే చౌక బేరమే.

ఆటగాడి వైపు నుంచి మాత్రం నాకు అనుమానం. ఊరికే వచ్చిన కష్టమైన ఆటని మనం పట్టుమని పదిసార్లు కూడా ప్రయత్నించం. నా ఎపిక్ ఖాతాలో అలాంటివి బోలెడు మూలుగుతున్నాయి, సగం తెరవనైనా తెరవలేదు. డబ్బు పెట్టి కొన్న ఆటలో నలభయ్యోసారి చచ్చినప్పుడు పంతం పుడుతుంది. ఆ పంతంలో కొంత వాటా ఆ ఐదారు వందల రూపాయలదే. పైగా ఎపిక్‌లో చాలాకాలం రివ్యూలు లేవు, చర్చావేదికలు లేవు. కార్ట్ రావడానికే మూడేళ్లు పట్టింది. ఓడిపోయినవాడు వెళ్లి కూర్చునే అరుగు అక్కడ లేదు. న్యాయంగా ఒకటి చెప్పాలి. చావునే కథగా మలిచిన ‘హేడీస్’ మొదటి ఏడాది ఎపిక్‌లోనే, తయారవుతున్న దశలోనే అమ్ముడైంది. అక్కడ పెట్టిన పెట్టుబడి ఒక గొప్ప ఆటకి పనికొచ్చింది.

మళ్లీ బామ్మర్ది ప్రశ్నకొస్తే, వాడికి నేను చెప్పే ఉదాహరణ వైకుంఠపాళి. బెనెట్ ఫాడీ 2017లో చేసిన ‘గెటింగ్ ఓవర్ ఇట్’లో బాన లాంటి పాత్రలో ఇరుక్కున్న మనిషి సుత్తితో కొండ ఎక్కుతాడు. సేవ్ చేసుకోవడానికి మజిలీలు లేవు. జారితే జారినట్టే. పైన ఒకచోట నిజంగానే పాముంటుంది, దాన్ని పట్టుకుంటే సరాసరి కొండ అడుగుకి చేరతాం. ఆ పాము మీదకి ఎక్కొద్దని పక్కనే బోర్డు కూడా ఉంటుంది! అచ్చం మన పెద్దపామే. తేడా ఒక్కటే. వైకుంఠపాళిలో తప్పు పందెం మీదికి నెట్టేయొచ్చు, ఇక్కడ తప్పంతా మన చేతిదే. అందుకే ఏడుపొస్తుంది, అందుకే మళ్లీ మొదలుపెడతాం. పారేసుకున్న చోటే వెతుక్కోవాలని ఇంట్లో పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

అలాగని కష్టంగా ఉన్న ప్రతి ఆటా గొప్పదేం కాదు. చచ్చాక మళ్లీ ఆడటానికి ఎంతసేపు పడుతుందన్నదే నా గీటురాయి. 2018 జనవరిలో వచ్చిన ‘సెలెస్ట్’ ఈ విషయంలో ఇప్పటికీ నాకు కొలమానం. చస్తే, రెప్పపాటులో అదే తెర మొదట్లో నిలబెడుతుంది. ఎన్నిసార్లు చచ్చారో లెక్క చూపిస్తుంది, ఆ లెక్క చూసి గర్వపడమంటుంది. మరీ చేతకాకపోతే అసిస్ట్ మోడ్‌లో ఆట వేగం తగ్గించుకోవచ్చు, చావే లేకుండా చేసుకోవచ్చు. దానికి వెక్కిరింపు లేదు, శిక్ష లేదు. సిల్క్‌సాంగ్ మీద నా ఫిర్యాదు కూడా ఇదే. బాస్‌లు కఠినంగా ఉండటం కాదు, ఓడిన ప్రతిసారీ అక్కడిదాకా మళ్లీ నడిపించడం. ఆ నడకలో నేర్చుకునేదేం లేదు.

సెలెస్ట్ మొదటి రూపం మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల్లో చేసిన చిట్టి ఆట. ఇప్పటికీ బ్రౌజర్‌లో ఉచితంగా ఆడొచ్చు. ఇలాంటి విత్తనాలు మొలిచే మడి ఇచ్ ఐఓ. అక్కడ కొనడం కంటే తవ్వుకోవడమే సరదా. పేరు తెలియని కుర్రాళ్లు వారాంతంలో చేసి పడేసిన, పాలిష్ లేని, మొండి ఆటలు దొరుకుతాయి. కాకపోతే ధరలు డాలర్లలో ఉంటాయి. యూపీఐకి అలవాటుపడిన చేతికి అదొక అడ్డు. ఇంకో స్టోర్ జీఓజీలోనూ రూపాయల్లేవు. స్టీమ్ 2015 చివర్లోనే రూపాయల్లో అమ్మడం మొదలుపెట్టి, యూపీఐ కూడా తీసుకుంటూ ఇక్కడ పాతుకుపోయింది. జీఓజీ గొప్పతనం ఒక్క మాటలో చెప్పాలంటే, తాళం లేకుండా అమ్ముతుంది. ఇన్‌స్టాలర్ ఫైల్ దించుకుని హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే, ఏళ్ల తర్వాత నెట్ లేని చోట కూడా ఓడిన బాస్‌తో తేల్చుకోవచ్చు. కష్టమైన ఆటల్ని నేను మధ్యలో వదిలేసి రెండు మూడేళ్లకి తిరిగి వెళ్తుంటాను. అలాంటి నాకు ఆ భరోసా అవసరం.

మొన్న దసరాకి బామ్మర్ది ఇంటికొచ్చినప్పుడు వాడి చేత స్టీమ్‌లో సెలెస్ట్ కొనిపించాను. రిఫండ్ నియమం కూడా చెప్పే పంపాను. మర్నాడు రాత్రి మెసేజ్: “బావా, గంటా యాభై నిమిషాలయింది. ఒకే చోట అరవై రెండుసార్లు చచ్చాను. వెనక్కి ఇచ్చేయనా?” అప్పటికి నిద్రపోయాను, చూసుకోలేదు. పొద్దున్నే లేచి స్టీమ్‌లో వాడి ప్రొఫైల్ చూస్తే సెలెస్ట్ పక్కన 6.7 గంటలని ఉంది. ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు.