పోలింగ్ బూత్‌లను కోదాడకు తరలించాలి

హైదరాబాద్ ఓటరు బద్ధకస్తుడని అనడం అన్యాయం. ప్రతి ఎన్నికకీ కాలేజీ పిల్లలతో మానవహారాలు కట్టించి, సినిమా వాళ్లతో నీతులు చెప్పించి, బూత్ ముందు సెల్ఫీ పాయింట్ పెట్టి, సాయంత్రం శాతాలు చూసి తల పట్టుకునే అధికారులు అసలు జబ్బేమిటో ఇంతవరకూ కనిపెట్టలేదు. బూత్ మరీ దగ్గరైపోయింది. అదీ జబ్బు.

ఆధారం కావాలంటే 2024 మే 13 చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్. రెండు రోజుల ముందు నుంచే విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. బస్సుల్లో సీట్లు లేవు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పులిహోర పొట్లాలు కట్టుకుని మరీ వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం పోలింగ్ జరిగింది. ఇక్కడ హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం చిల్లర. సికింద్రాబాద్ ఒక్క మెట్టు పైన, 49.

వెళ్లినవాళ్లు వేరు, ఇక్కడి ఓటర్లు వేరు అంటారా? మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరూ ఒకే లిఫ్టులో తిరుగుతారు. బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) వచ్చి ఓటరు స్లిప్పులు ఇచ్చి వెళితే, వాచ్‌మన్ వాటికి రబ్బరు బ్యాండు వేసి, విజిటర్ల రిజిస్టర్ కింద పెట్టి, శ్రీకాకుళం బస్సెక్కేశాడు. ఓటేయడానికే. మూడో అంతస్తు వాళ్లు నరసరావుపేట వెళ్లారు. ఓటు ఇక్కడే ఉన్నవాళ్లకి బూత్ పక్క సందు స్కూల్లో. వాళ్లలో సగం మంది శనివారమే వికారాబాద్ రిసార్టుకి చెక్కేశారు. మిగతావాళ్లు ‘క్యూ ఎంతుంది?’ అని గ్రూపులో అడుగుతూ మధ్యాహ్నం దాకా గడిపారు. వెళ్లి చూసి చెప్పే నాథుడు లేక ఆ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు రాలేదు.

ఓటరు 2 కిలోమీటర్లకు మించి వెళ్లనక్కర్లేకుండా బూత్ ఉండాలన్నది ఎన్నికల సంఘం నియమం. గుజరాత్‌లోని గిర్ అడవిలో ఒకే ఒక్క ఓటరు కోసం కూడా బూత్ పెడతారు. మంచి ఉద్దేశమే, పాపం. కానీ మన తత్వం తెలియని నియమం. తిరుమలలో సర్వదర్శనం అరగంటలో అయిపోతే, ఇంటికొచ్చి ఆ మాట ఎవరికైనా చెప్పుకుంటామా?

ఊళ్లో ఓటు సంగతి అలా కాదు. ‘ఏరా, ఎప్పుడు బయల్దేరుతున్నావ్’ అని బాబాయి వారం ముందే ఫోన్ చేస్తాడు. అభ్యర్థి తాలూకు మనిషి కారు పంపిస్తానంటాడు. (కారులో ఇంకేం ఉంటుందో అడగొద్దు.) వేయకపోతే సంక్రాంతికి ఊళ్లో ముఖం చూపించలేం. 2025 డిసెంబర్‌లో తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటిందంటే ఊరికే కాదు. సర్పంచ్‌కి మన ఇంటిపేరు తెలుసు, మనకి ఆయన బాకీలు తెలుసు. నగరంలో కార్పొరేటర్ ఎవరో చెప్పాలంటే ఫ్లెక్సీ చూడాలి. ఫ్లెక్సీలో ముప్ఫై తలకాయలుంటాయి, వాటిలో ఎవరో ఒకరు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికలకి 46 శాతం మంది వచ్చారంటే నాకైతే ఆ 46 మీదే అనుమానం.

కాబట్టి ప్రభుత్వం వెంటనే అమీర్‌పేట ఓటర్ల బూత్‌లను విజయవాడ హైవే మీదున్న చిట్యాలకు, కూకట్‌పల్లివి అదే దారిలో కోదాడకు మార్చాలి. ఓటరు స్లిప్పులు తత్కాల్‌లో మాత్రమే ఇవ్వాలి, అదీ ఉదయం పది గంటలకి, సర్వర్ మొరాయిస్తుండగా. ఫాస్టాగ్ బీప్‌మనగానే టోల్‌గేటు దగ్గరే వేలికి సిరా పూసేయొచ్చు. వీటితోపాటు ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒక బాబాయిని కాంట్రాక్టు పద్ధతిలో నియమించాలి. చదువుతో పనిలేదు, అవతలివాడు ఎంత విసుక్కున్నా ఫోన్ పెట్టేయని గుణం ఉంటే చాలు.

గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీలకు మాత్రం కోదాడ ఆనదు. ప్రవాస ఓటరు స్వయంగా వచ్చి, పాస్‌పోర్టు చూపించి ఓటేయాలని చట్టం చెబుతుంటే, 2024లో అమెరికా నుంచి విమానాలెక్కి వచ్చి ఆంధ్రలో ఓటేసి వెళ్లినవాళ్లున్నారు. అదే లెక్కన గచ్చిబౌలి బూత్‌ను డల్లాస్‌లో పెట్టాలి. వీసా స్లాట్ దొరికితే చాలు, అమ్మానాన్నలతో సహా ముందు రోజు రాత్రే క్యూలో నిలబడతారు.