నాలుక కింద మాత్ర

పంజాబ్‌లో హెరాయిన్‌ను చిట్టా అంటారు. అది దొరకని పూట పడే బాధకు అక్కడ తోట్ అని పేరు. ముక్కు, కళ్లు కారుతూనే ఉంటాయి. ఆవలింతలు ఆగవు. కడుపు మెలిపెడుతుంది, ఎముకలు పిండినట్టు నొప్పులు, రాత్రంతా జాగారం. కొన్నాళ్లు అలవాటుపడ్డాక చాలామంది మత్తు కోసమని కాకుండా ఈ తోట్ రాకూడదనే మళ్లీ తీసుకుంటారు. అలాంటి మనిషిని పట్టుకుని ‘గట్టిగా అనుకుంటే మానలేవా?’ అనడం అన్యాయం.

హెరాయిన్ వాడుతున్నవారికి మేం చెప్పదలచింది ఒక్కటే. ఈ బాధకు మందు ఉంది, రండి. పంజాబ్ ప్రభుత్వం 2017 అక్టోబరు నుంచి ఇందుకోసమే ఓఓఏటీ క్లినిక్‌లు, అంటే వచ్చి మందు తీసుకుని వెళ్లిపోయే కేంద్రాలు, నడుపుతోంది. వాటిలో అడ్మిట్ కానక్కర్లేదు. తోట్ మొదలయ్యాక వెళ్లాలి. ఒంట్లో హెరాయిన్ ఉండగానే మాత్ర వేస్తే బాధ ఇంకా ఎక్కువవుతుంది. సిబ్బంది ఎదురుగా బ్యుప్రెనార్ఫిన్ మాత్రను (హెరాయిన్ జాతిదే, కానీ తోట్‌ను అణిచే మందు) నాలుక కింద పెట్టుకుని, మింగకుండా, కరిగేదాకా కూర్చోవాలి. కాసేపటికి లేచి పొలానికో డ్యూటీకో వెళ్లిపోవచ్చు.

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారని కొందరు తప్పుపడతారు. మాత్ర వేసుకున్న మనిషి పనికి వెళ్తున్నాడు, జీతం ఇంటికి తెస్తున్నాడు, సిరంజి జోలికి పోవడం లేదు. ఇది వైద్యం కాకపోతే మరేమిటి? నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేసి, ‘మానేశాడు’ అనుకుని వదిలేయడమే అసలు ప్రమాదం. ఈలోగా శరీరం పాత డోసును తట్టుకునే శక్తి కోల్పోతుంది. బయటికొచ్చి మునుపటంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మందు ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెప్పాలి. మధ్యలో ఒకసారి తప్పినా సరే, మళ్లీ అదే క్లినిక్‌కు వెళ్లండి, మొహం చాటేయకండి.

పోలీసులంటే భయం చాలామందిని ఆపుతోంది. వాడకానికో, కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసు పడినవారు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్తే, మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. ఈ సంగతి ప్రతి స్టేషన్ గోడ మీదా రాయించాలి.

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ దొరికినప్పుడు, కాగితాల్లో విజయవాడ అడ్రస్ చూసి మనమంతా ఉలిక్కిపడ్డాం. సరుకు గురించి రోజుల తరబడి మాట్లాడాం. వాడేవాళ్లు ఎక్కడికి వెళ్లాలో మాత్రం మాట్లాడుకోలేదు. దేశంలో హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తులకు చికిత్స, సాయం అవసరమైనవారు 77 లక్షల మంది ఉంటారని 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే చెప్పింది. మన దగ్గర గంజాయి సమస్యే పెద్దది కావచ్చు. కానీ హెరాయిన్ వాడే పిల్లాడున్న ఇంటికి ఆ లెక్కలతో పని లేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 14446కు ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం చెబుతారు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. వాడు ‘వెళ్దాం’ అన్న రోజున పెళ్లి ఉందనో, బంధువులు వస్తున్నారనో వాయిదా వేయకండి. పాత తప్పులు ఆ పూట తవ్వకండి. తోడు వెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోండి, మాత్ర కరిగేదాకా ఆగి ఇంటికి తీసుకురండి.