ఉభయకుశలోపరి, బ్యాటరీ ఒళ్లు చేసింది

మహారాజశ్రీ యూజర్ మాన్యువల్ గారికి,

నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ లాప్‌టాప్‌లో బ్యాటరీ ఒక్కటే కాస్త ఒళ్లు చేసింది. మొదట టచ్‌ప్యాడ్ నొక్కితే పడటం మానేసింది. తర్వాత మూత సరిగా మూసుకోలేదు. చివరికి టేబుల్ మీద పెడితే ఊగడం మొదలైంది. మా అమ్మాయి కింద అట్టముక్క పెట్టి మరీ డిగ్రీ ప్రాజెక్టు పూర్తి చేసింది. ప్రమాదమైతే మీరు చెప్పేవారే కదా అని దాని నమ్మకం.

ఎందుకంటే మీరు చెప్పని విషయం లేదు. మడతలు విప్పితే మంచమంతా పరుచుకుంటారు. మైక్రోవేవ్‌లో పెట్టొద్దన్నారు, సంతోషం. పిల్లలు మింగకుండా చూడమన్నారు. లాప్‌టాప్ మింగే పిల్లలు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దన్నారు. మేలో ఎండ 44, 45 దాకా పోయే ఊరండీ మాది. వాడొద్దని మాకు చెప్పినవారు, ఇక్కడ అమ్మొద్దని దుకాణానికి ఒక్క ముక్క చెప్పలేదేం?

బ్యాటరీ ఉబ్బితే ఏం చేయాలో మాత్రం కళ్లజోడు తుడుచుకుని వెతికినా దొరకలేదు. వేడికో, వయసుకో, అతిగా చార్జింగ్ పెట్టడానికో లోపలి రసాయనం చెడి గ్యాస్ పుడుతుందని, అది అంటుకునే రకమని మీ ఇంజినీర్లకు తెలుసు. చార్జింగ్ ఆపు, స్విచాఫ్ చెయ్యి, నొక్కకు, గుచ్చకు, చెత్తలో వెయ్యకు. ఇంతే. ఆ మైక్రోవేవ్ పక్కనే పట్టేది.

ఆ ఒక్క ముక్క మాకు చెప్పింది ప్రకాశం బజారులో మొబైల్ షాపు పిల్లగాడు. బటన్ ఫోన్ల రోజుల్లో వీళ్లు బ్యాటరీని కౌంటర్ అద్దం మీద పడుకోబెట్టి వేలితో తిప్పేవారు. గిర్రున తిరిగిందా, కడుపు ఉబ్బినట్టు. కదలకపోతే బాగున్నట్టు. ఏ ల్యాబూ అక్కర్లేదు. ఇప్పుడు మీరు బ్యాటరీని లోపల జిగురుతో అతికించి ఆ పరీక్ష కూడా లేకుండా చేశారు.

నోరు విప్పడం మీ జాతికి రాదనీ కాదు. 2007లో నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే అవకాశం ఉందని తానే ప్రకటించి, ఉచితంగా మార్చిస్తానంది. జనం ఫోన్ల వెనక మూతలు తీసి బ్యాటరీ నంబర్లు చూసుకున్నారు. 2016లో శామ్‌సంగ్ నోట్ 7ను వెనక్కి పిలిచి, చివరికి తయారీయే ఆపేసింది. అయితే అప్పటికే ఫోన్లు అంటుకుని పేపర్ల కెక్కాయి లెండి.

మీ సర్వీస్ సెంటర్‌కూ వెళ్లొచ్చాం. "బాడీ వంగింది సార్, ఫిజికల్ డ్యామేజ్. వారంటీ రాదు" అన్నాడు. ఎవరు వంచారు బాబూ అంటే, "లోపల్నించి బ్యాటరీయే ఒత్తింది సార్" అన్నాడు. నిజాయితీపరుడు, అతన్ని ఏమీ అనకండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, హాని జరగకుండా సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారు జవాబు చెప్పాలి. 87వ సెక్షన్‌లో చిన్న కిటికీ ఉంది: అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించనక్కర్లేదు. రేపు మీ వకీలు సాబ్ ఆ కిటికీలోంచే దూకుతారు. ఉబ్బితే ప్రమాదమని లోకమంతా ఎరుగుదురు అంటారు. ఒకసారి మా వాడకట్టుకు తీసుకురండి. వెనక మూత లేచిన ఫోన్‌కు రబ్బరు బ్యాండు వేసి మాట్లాడేవాళ్లను చూపిస్తాను. పూరీకి పొడిచినట్టు సూదితో ఒక పోటు పొడిస్తే గాలి పోతుందని సలహా ఇచ్చిన పెద్దమనిషి కూడా ఎదురింట్లోనే ఉంటాడు.

ప్రస్తుతం మీ బ్యాటరీ మా పెరట్లో ఇసుక పోసిన రేకు డబ్బాలో ఉంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని సేకరించే బాధ్యత కంపెనీలదేనట. ఎవరొస్తారో కబురు పెట్టండి. బిల్లు అడుగుతారని ముందే జిరాక్సు తీయించి పెట్టాను. అసలు బిల్లు మీద అక్షరాలు వారంటీ కన్నా ముందే ఎగిరిపోయాయి.

ఇట్లు,
మీ వినియోగదారుడు