భాగాలు గుర్తించిన పటం గారికి

పలాస దగ్గర ఒక ఊరు,
శ్రీకాకుళం జిల్లా.

మహారాజశ్రీ పటం గారికి, ఒక హైస్కూల్ జీవశాస్త్రం మాస్టారు నమస్కరించి రాయునది.

ముందుగా అభినందనలు. ప్రభుత్వాలు మారాయి, సిలబస్ మారింది, పాఠ్యపుస్తకాల అట్టలు మారాయి. ప్రశ్నపత్రంలో మీ సీటు మాత్రం ఎవరూ కదపలేకపోయారు. ‘చక్కని పటం గీసి భాగాలు గుర్తించుము.’ ఆ ‘చక్కని’ అన్న మాటలోనే ఉంది మీ మహిమంతా. సన్నగా చెక్కిన పెన్సిల్, స్కేలు పెట్టి కొట్టిన గీతలు, కుడిపక్కన వరసగా పేర్లు ఉంటే చాలు. లోపల ఉన్నది ప్రాణమా, ప్లాస్టిక్ డబ్బానా అని అడిగేవాడు లేడు.

మొన్న తొమ్మిదో తరగతికి ఉల్లిపొర చూపించాను. ఇన్‌స్పెక్షన్ వస్తే తప్ప బీరువా దిగని సూక్ష్మదర్శినిని దించి, పొర తీసి, సాఫ్రనిన్ రంగు చుక్క వేసి, కవర్ స్లిప్ పెట్టాం. ఇటుకలు పేర్చినట్టు కణాలు ఎంత బాగా కనబడ్డాయో! ఒక గుంటడు కన్ను తీసి నావైపు అనుమానంగా చూశాడు. “ఇందల పచ్చయి ఏవీ నేవేటి సార్? ఈ ఉల్లిపాయ తప్పు.”

మట్టిలో వెలుతురు తగలకుండా పెరిగిన ఉల్లిపొరలో హరితరేణువులు ఉండవని చెప్పాను. నీళ్ల సంచిలాంటి పెద్ద రిక్తిక నెట్టేస్తే కేంద్రకం ఓ పక్కకి ఒదిగిపోతుందనీ, కణం శ్వాసించే చోటైన మైటోకాండ్రియా మా బడి సూక్ష్మదర్శినికి అందేంత పెద్దవి కావనీ చెప్పాను. విన్నారు, తలలూపారు. తర్వాత రికార్డు పుస్తకం తీసి, మీరు ఎలా ఉంటారో అలాగే గీశారు. హరితరేణువులకి ఆకుపచ్చ స్కెచ్ పెన్ కూడా కొట్టారు. ఎదురుగా ఉన్న ఉల్లిపాయ కంటే మీ మాటకే విలువెక్కువ.

1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కని చూసి, కనబడిన ఖాళీ గదుల్నే గీశాడు. కేంద్రకం వెయ్యలేదు. అది ఉందని చెప్పి పేరు పెట్టడానికి 1831లో రాబర్ట్ బ్రౌన్ రావలసి వచ్చింది. మీ లెక్కన హుక్ ఫెయిల్. అందులోనూ ఒక్క భాగం గుర్తించలేదు కాబట్టి మోడరేషన్ కలిపినా గట్టెక్కడు.

ఇక జంతుకణం వేషంలో మీరు గుండ్రంగా కూర్చుంటారు. ఒంట్లో అలాంటివి వెతికితే దొరికేది తక్కువ. బుగ్గ లోపలి కణాలు పలచగా, అంచులు వంకరగా ఉంటాయి. వెన్ను నుంచి కాలి దాకా పోయే నాడీకణం తోక మీటరు వరకు ఉండవచ్చు. పెరిగిన ఎర్ర రక్తకణంలో కేంద్రకమూ లేదు, మైటోకాండ్రియా కూడా లేవు. పాపం, దాన్ని మీరు గడప తొక్కనివ్వరు. మొక్క కణం దగ్గరేమో హరితరేణువుల్ని అంత పెద్దగా వేసి మైటోకాండ్రియాని మూలకి తోస్తారు. అందుకే పిల్లలు మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని రాస్తారు. పగలూ శ్వాసిస్తాయి మహానుభావా!

మా దగ్గర జీడిపిక్కలు కొట్టే ఇళ్ల పిల్లలున్నారు. ఎర్రగా నోరూరించే జీడిమామిడి పండు నిజానికి ఉబ్బిన కాడ. కింద వేలాడే పిక్కే అసలు పండు. ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? అది పరీక్షలో రాదు. మీరు రానిచోటికి వాళ్లూ రారు.

ఒక విషయంలో మాత్రం మీతో వేళాకోళం ఆడలేను. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు, బడి ముఖం చూడని ముసలమ్మకి కూడా కిడ్నీ ఎంత పాడయిందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ అంటే తెలుసు. ఉద్దానం నుంచి వచ్చే ఒక కుర్రాడు కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టం, అదే నెఫ్రాన్, గీశాడు. బౌమన్ గుళిక, రక్తకేశనాళికా గుచ్ఛం, హెన్లీ శిక్యం అన్నీ సరిగ్గా పెట్టాడు. పూర్తి మార్కులు వేశాను. పేపర్ తీసుకుని, “మా తాతకి ఇందల ఏది పాడయింది సార్?” అన్నాడు. అక్కడ ఎక్కువగా దెబ్బతినేది నాళికలూ, వాటి చుట్టూ ఉండే కణజాలమూ అని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నా కచ్చితమైన కారణం తేలలేదన్నాను. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. మీరు ఎప్పుడూ ఒక్కటే వస్తారు, నిగనిగలాడుతూ, రోగం రొష్టు లేకుండా.

కాబట్టి నా మనవి: ఒక్క పరీక్షకి సెలవు పెట్టండి. మీ బదులు ఉల్లిపొర ఇచ్చి ‘నీకు ఏం కనబడిందో గీయి’ అని అడగనివ్వండి. ఒక్కొక్కడు ఒక్కోలా గీస్తాడు, కీ పనికిరాదు, స్పాట్ వాల్యుయేషన్‌లో గొడవలవుతాయి. ఆ టెన్షన్ మేం పడతాం.

ఇట్లు,
మీకు మార్కులు వేసి వేసి ఎర్రపెన్నులు అరగదీసిన
జీవశాస్త్రం మాస్టారు.

తా.క.: వచ్చే యూనిట్ టెస్టుకి గుండె నిలువుకోత వేషంలో వస్తున్నారట. మీలో ఎడమ కర్ణిక (గుండె పై గది) కుడిపక్కన ఎందుకుంటుందో, ఎదుటి మనిషి గుండెని చూస్తున్నాం కాబట్టి అలా ఉంటుందని, ఈసారైనా ఓ మూల రాసుకుని రండి. కిందటేడు సగం క్లాసు తమ గుండె కుడివైపు ఉందనుకుని భయపడింది.